ఎదిగిన పిల్లలు అన్నం మానేస్తే: ఆసుపత్రికి ఎప్పుడు, ఎలా?

ఇంటర్మీడియట్ చదివే బిడ్డ దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వస్తుంది. జూన్‌లో కుట్టించిన చుడీదార్ ఒంటి మీద వేలాడుతుంటుంది. హాస్టల్ తిండి పడలేదని అమ్మ, చదువు టెన్షన్ అని నాన్న, దిష్టి తగిలిందని అమ్మమ్మ అనుకుంటారు. నాలుగు రోజులు ఇష్టమైనవి వండిపెడితే కోలుకుంటుందిలే అని అందరూ ధైర్యం చెప్పుకుంటారు. కానీ బిడ్డ ఇంట్లో కూడా తినదు. పళ్ళెంలో అన్నం అటూ ఇటూ జరిపి "కడుపు నిండింది" అని లేస్తుంది. ఉక్కపోతలో కూడా చలిగా ఉందని దుప్పటి కప్పుకుంటుంది. బతిమాలితే ఏడుపు, గట్టిగా అంటే గొడవ.

ఇలాంటి పిల్లలు మిషన్ ఆసుపత్రి ఓ.పి.కి వచ్చేటప్పుడు చీటీ మీద వేరే పేరు ఉంటుంది. నీరసం అనో, రక్తం తక్కువ అనో, గ్యాస్ అనో, కళ్ళు తిరిగి పడిపోయిందనో, నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదనో రాసి ఉంటుంది. "మా బిడ్డ తిండి మానేసింది డాక్టరుగారూ" అని నేరుగా చెప్పే తల్లిదండ్రులు తక్కువ. అలా చెబితే తాము సరిగ్గా పెంచలేదని అనుకుంటారేమోనన్న సంకోచం వారిది. అందుకే ఈ సంచికలో ఈ జబ్బు గురించి, ముఖ్యంగా పదహారు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకు ఆసుపత్రి వైద్యం ఎలా అందించుకోవాలో కాస్త వివరంగా రాస్తున్నాము.

మొండితనమా, జబ్బా?

జబ్బే. కావాలని తిండి తగ్గించి ఎముకల గూడుగా మారే జబ్బును అనొరెక్సియా నెర్వోసా అంటారు. టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టినదని కొందరు అనుకుంటారు గాని, 1870లలోనే లండన్‌లో విలియం గల్, ప్యారిస్‌లో లసేగ్ అనే వైద్యులు దీన్ని వివరంగా రాశారు. ఒకేసారి అతిగా తిని, తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కక్కేసే బులీమియా అనే జబ్బుకు 1979లో లండన్ వైద్యుడు గెరాల్డ్ రస్సెల్ ఆ పేరు పెట్టారు. ఇవి కాక, గొంతులో అడ్డుపడుతుందనో, వాంతి అవుతుందనో భయపడి తిండి మానేసే పిల్లలు ఉంటారు. వీళ్ళకు లావు గురించిన దిగులే ఉండదు.

మన దేశపు పిల్లల్లో ఈ జబ్బు పాశ్చాత్య పుస్తకాల్లో రాసినట్టే కనిపించాలని లేదు. వేలూరు సి.ఎం.సి. వైద్యులు 2000 నుంచి 2005 వరకు తమ దగ్గరికి వచ్చిన పిల్లల రికార్డులు చూసి 2007లో ఒక నివేదిక ప్రచురించారు. తిండికి సంబంధించిన జబ్బు ఉన్నట్టు తేలిన పిల్లలు 41 మంది. వారిలో అత్యధికులకు ఉన్నది మానసిక కారణంతో వచ్చే వాంతులు. అంటే "నేను లావుగా ఉన్నాను" అనే మాట కోసమే ఎదురుచూస్తే చాలామందిని పోల్చుకోలేము. హాంకాంగ్‌లో కూడా 1990లలో వైద్యులు ఇదే గమనించారు. అక్కడి పిల్లలు లావు భయం చెప్పేవారు కాదు. కడుపు ఉబ్బరం, ఆకలి లేదు అనే చెప్పేవారు. మన దగ్గర "తింటే కడుపు రాయిలా అవుతుంది", "ముద్ద దిగట్లేదు" అనే మాటలు వింటాము. ఎండోస్కోపీ, స్కానింగ్ రెండూ బాగున్నా బరువు తగ్గుతూనే ఉంటే ఈ దిశగా ఆలోచించాలి.

అబ్బాయిలకు రాదనుకోవద్దు. కండలు కనిపించాలని అన్నం మాని, తెల్లవారుజామున, సాయంత్రం పరుగులు తీసి, డబ్బాల పౌడర్లతో బతికే కుర్రాళ్ళను చూసి "ఎంత క్రమశిక్షణ" అని మెచ్చుకుంటాము. నాడి చూసేదాకా ఎవరికీ అనుమానం రాదు.

ఇక మొండితనం సంగతి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టమని మనస్సాక్షి ప్రకారం నిరాకరించిన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. వారిలో చాలామంది మెన్నొనైట్, బ్రెదరెన్, క్వేకర్ వంటి శాంతి సంఘాలకు చెందినవారు. యుద్ధంలో ఆకలికి చిక్కినవారిని మళ్ళీ ఎలా బతికించాలో తెలుసుకోవడానికి వీరు ఆరు నెలలు సగం కడుపుతో ఉన్నారు. శరీర బరువులో సుమారు నాలుగో వంతు పోయింది. ఆరోగ్యంగా, స్థిరంగా ఉన్న ఆ యువకులు క్రమంగా చిరాకు పడసాగారు. స్నేహితులను వదిలి ఒంటరిగా కూర్చున్నారు. చలి అన్నారు. చిన్న పళ్ళెం తిండిని గంటలకొద్దీ సాగదీసి తిన్నారు. వంటల పుస్తకాలు పోగుచేశారు. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. కొందరు తీవ్రమైన దిగులులో పడిపోయారు.

తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలని మా కోరిక. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి తాను మాత్రం తినని బిడ్డ, యూట్యూబ్‌లో వంటలు చూస్తూ కూర్చునే బిడ్డ, ముద్ద ముద్దకూ పోట్లాడే బిడ్డ మీకు తెలిసిన పాత బిడ్డ కాదు. ఆమె మెదడు ఆకలితో ఉంది. ఆ స్థితిలో హితబోధలు, బెదిరింపులు, ప్రమాణాలు ఎక్కవు. ముందు ఒంటికి తిండి అందాలి. ఆ తర్వాతే మాటలు పనిచేస్తాయి.

ఎప్పుడు ఆగకూడదు?

ప్రతి సన్నని పిల్లకూ ఈ జబ్బు ఉందని కాదు. మన ప్రాంతంలో బరువు తగ్గిన పిల్లకు మొదట క్షయ పరీక్ష చేయడం సరైన పనే. థైరాయిడ్, చక్కెర జబ్బు, పేగుల జబ్బులు కూడా చూడాలి. ఆదిలాబాద్ ఆదివాసీ కుటుంబాల పిల్లల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉండవచ్చు. వీటికోసం చూడడమూ, తిండి మానడాన్ని పట్టించుకోవడమూ రెండూ ఒకేసారి జరగాలి. ఒకదాని రిపోర్టుల కోసం నెలలు గడిపి రెండోది వదిలేయరాదు.

ఇంట్లో మీరే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉదయం లేవగానే, మంచం దిగకముందే మణికట్టు మీద వేళ్ళు పెట్టి నిండుగా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు 50 కంటే తక్కువ కొట్టుకుంటే అది "ఆటగాళ్ళ గుండె" అని సరిపెట్టుకోకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. కళ్ళు తిరిగి పడిపోవడం, లేచి నిలబడితే చూపు మసకబారడం, గొంతుకూర్చొని చేతులు ఆన్చకుండా లేవలేకపోవడం, ఒంటి వేడి 96 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే దిగిపోవడం, పై బీపీ 90 కంటే తక్కువగా ఉండడం, పదే పదే వాంతులు, విరేచనాల మాత్రలు వాడడం, నీళ్ళు కూడా ముట్టకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగవద్దు. చనిపోవాలని ఉందని బిడ్డ ఒక్కసారి అన్నా ఆగవద్దు. ఈ జబ్బులో ప్రాణం పోయేది గుండె ఆగి మాత్రమే కాదు, ఆత్మహత్యల వల్ల కూడా.

బరువు విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఎముకలు తేలితేనే ప్రమాదం అనుకుంటారు. బొద్దుగా ఉన్న పిల్ల మూడు నాలుగు నెలల్లో పదిహేను, ఇరవై కిలోలు తగ్గి చూడడానికి "ఇప్పుడు సరిగ్గా ఉంది" అనిపించినా, లోపల గుండె అంతే బలహీనపడి ఉండవచ్చు. చుట్టాలు మెచ్చుకుంటుంటే ఆ పిల్ల ఇంకా తగ్గిస్తుంది.

మరో మాట. "రక్త పరీక్షలన్నీ నార్మల్" అన్న కాగితం చూసి నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోకండి. ఆకలితో ఉన్న శరీరం కండను, ఎముకను కరిగించి రక్తంలోని లెక్కలను చాలాకాలం నిలబెడుతుంది. అందుకే నాడి, పడుకున్నప్పటి బీపీ, నిలబడ్డాక బీపీ, ఒంటి వేడి, ఈసీజీ చాలా ముఖ్యం. మామూలుగా ల్యాబుల్లో ఎలక్ట్రోలైట్స్ అంటే సోడియం, పొటాషియం, క్లోరైడ్ మాత్రమే చేస్తారు. ఫాస్ఫరస్, మెగ్నీషియం విడిగా రాయించుకోవాలి. డాక్టరుగారిని మర్యాదగా అడగండి, అందులో తప్పేమీ లేదు.

సెలైన్ సీసా గురించి

మన ఊళ్ళలో నీరసం అనగానే ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళి రెండు సీసాలు ఎక్కించుకోవడం అలవాటు. చాలా సందర్భాల్లో దాని వల్ల జరిగే నష్టం డబ్బు నష్టం మాత్రమే. వారాల తరబడి తినని పిల్ల విషయంలో అలా కాదు.

తిండి లేనప్పుడు శరీరం చక్కెరను పక్కనపెట్టి కొవ్వునూ కండనూ కాల్చుకుంటూ నెమ్మదిగా నడుస్తుంది. అప్పుడు హఠాత్తుగా గ్లూకోజు గాని, కడుపునిండా అన్నం గాని అందితే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటును, పొటాషియంను, మెగ్నీషియంను కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలు అలసిపోవచ్చు, కాళ్ళకు నీరు దిగవచ్చు, మూర్ఛ రావచ్చు. థయమిన్ అనే బి-1 విటమిన్ అప్పటికే నిండుకుని ఉంటే మెదడు దెబ్బతింటుంది. వైద్యులు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా తిండి మొదలుపెట్టిన మొదటి వారంలో వస్తుంది. క్రీ.శ. 70లో యెరూషలేము ముట్టడి నుంచి ఆకలితో బయటపడినవారిలో, ఒక్కసారిగా కడుపునిండా తిన్నవారు చనిపోయారనీ, కొద్దికొద్దిగా తిన్నవారు బతికారనీ చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. కారణం ఆయనకు తెలియదు గాని, చూసినది సరిగ్గానే చూశాడు.

అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. ఒక కప్పు తీపి టీకి మించిన బలం అందులో లేదు. ఆ కాస్త బలం కోసం థయమిన్ ఇవ్వకుండా, పొటాషియం చూడకుండా ఎక్కించడం మంచిది కాదు. మీ ఊరి వైద్యుడికి చెప్పండి: "మా బిడ్డ నెల రోజులుగా సరిగ్గా తినడం లేదు, సీసా వద్దు, పెద్దాసుపత్రికి చీటీ రాయండి." అతనికీ అదే మేలు.

ఏ తలుపు తట్టాలి?

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే అలసిపోతారు. పిల్లల డాక్టరు "పదిహేడేళ్ళు కదా, పెద్దవాళ్ళ డాక్టరుకు చూపించండి" అంటారు. పెద్దవాళ్ళ డాక్టరు "ఇది మానసికం" అంటారు. మానసిక వైద్యుడు "నాడి 42 ఉంది, ముందు గుండె చూపించండి" అంటారు. ముగ్గురి మాటా నిజమే. కానీ వీరి మధ్య తిరుగుతూ ఉంటే వారం పోతుంది.

మేము చెప్పే వరుస ఇది. పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉంటే మొదటి మంచం జనరల్ మెడిసిన్ వార్డులోనే పడాలి. అంటే ఈసీజీ, రోజూ రక్త పరీక్ష చేయగల ల్యాబు, రాత్రి డ్యూటీ డాక్టరు ఉన్న చోట. దీనికోసం వెంటనే హైదరాబాదు పరుగెత్తనవసరం లేదు. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి ఉంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కరీంనగర్ చుట్టూ ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రులూ ఉన్నాయి. మెడికల్ కాలేజీకి వెళ్ళడంలో లాభం ఏమిటంటే, మెడిసిన్ విభాగం, మానసిక వైద్య విభాగం ఒకే ఆవరణలో దొరికే అవకాశం ఎక్కువ. చేర్చుకునే రోజే "సైకియాట్రీ వారిని కూడా పిలవండి" అని అడగండి. స్పృహ తప్పితే, ఫిట్స్ వస్తే 108కు ఫోన్ చేయండి. బస్సులో కూర్చోబెట్టి తీసుకురావద్దు.

ఒళ్ళు కుదుటపడ్డాక, అంటే నాడి, పొటాషియం, ఫాస్ఫరస్ నిలకడగా ఉన్నాక, మానసిక చికిత్స ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, గాంధీ ఆసుపత్రి మానసిక విభాగం ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే మనవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఆ పేరును సినిమాల్లో హాస్యానికి వాడి వాడి పాడుచేశారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో, వేలూరు సి.ఎం.సి.లో పిల్లలకూ, యుక్తవయసువారికీ ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. వేలూరు దగ్గర బాగాయంలోని మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో మొదలైంది. రోగితో పాటు కుటుంబ సభ్యుడు ఒకరు అక్కడే ఉండి చికిత్సలో పాలుపంచుకోవడం మొదటి నుంచీ ఆ కేంద్రం పద్ధతి. వేలూరుకు కాట్పాడి స్టేషన్‌లో దిగాలి. ముందు అపాయింట్‌మెంట్ తీసుకోకుండా, బలహీనంగా ఉన్న బిడ్డను రైలెక్కించకండి. ఆదిలాబాద్ వైపు వారు నాగపూర్ వెళ్ళడం మామూలే. ఎక్కడికి వెళ్ళినా భాష సంగతి ఆలోచించండి. ఈ చికిత్సలో సగం మాటలే. బిడ్డకు ఏ భాషలో ఏడవగలిగే చనువు ఉందో ఆ భాష తెలిసినవారు దొరికితే మంచిది.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ బిడ్డ చికిత్స ఏ కేటగిరీలో వస్తుందో చేర్చకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. కాబట్టి క్లెయిము కోసం జబ్బు పేరు మార్చి రాయించాలని చూడకండి. తర్వాత చూసే డాక్టరుకు అసలు సంగతి తెలియకుండా పోతుంది.

పదిహేడా, పద్దెనిమిది నిండాయా?

ఈ వయసు పిల్లల విషయంలో పుట్టినరోజు చాలా తేడా తెస్తుంది. మెడిసిన్ వార్డులో చేర్చడానికి, 18 నిండనివారైతే తల్లిదండ్రుల సంతకం చాలు. మానసిక వైద్య విభాగంలో చేర్చాలంటే 2017 చట్టంలోని 87వ సెక్షన్ వర్తిస్తుంది. తల్లిదండ్రులు, లేదా చట్టబద్ధ సంరక్షకులు దరఖాస్తు ఇవ్వాలి. ఇద్దరు మానసిక వైద్యులు, లేదా ఒక మానసిక వైద్యుడితో పాటు మరో వైద్యుడో, మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి, ఆసుపత్రిలో ఉంచడం అవసరమని అంగీకరించాలి. పిల్లలను పెద్దల నుంచి వేరుగా ఉంచాలి. తల్లిదండ్రుల్లో ఒకరు లేదా వారు నియమించినవారు చేరిన రోజు నుంచి చివరి రోజు దాకా దగ్గరే ఉండాలి. అమ్మాయి అయితే ఆ తోడు స్త్రీ అయి ఉండాలి. "ఇక్కడ వదిలేసి వెళ్ళండి" అని ఎవరైనా అంటే అది చట్టం కాదు.

18 నిండితే నిర్ణయం బిడ్డది. సమ్మతిస్తే తన సంతకంతోనే చేరుతుంది. నిరాకరిస్తే? ఆకలితో ఆలోచన దెబ్బతిని, తన స్థితి అర్థం చేసుకోలేక, తనను తాను చూసుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే 89వ సెక్షన్ కింద, నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తుతో, వైద్యుల విడివిడి పరీక్షల తర్వాత 30 రోజుల వరకు చేర్చుకునే వీలుంది. ఈ ప్రతినిధి ఎవరో మామూలు తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండాక, మనసు కాస్త కుదుటగా ఉన్న రోజు చూసి ఆ కాగితం రాయించుకోండి. అమ్మనే రాయాలని లేదు. మేనత్తనో, అక్కనో, తనకు నమ్మకమున్న టీచరునో రాస్తానంటే రాయనివ్వండి. ప్రాణాపాయంలో ఉన్నప్పుడు మాత్రం ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా 94వ సెక్షన్ కింద 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. నామినేటెడ్ ప్రతినిధి దగ్గర ఉంటే అతని సమ్మతి తీసుకుంటారు.

సంబంధాలు చెడిపోతాయని దాచేవారికి కూడా చెబుతున్నాము. రోగి వివరాలు బయటపెట్టకూడదని అదే చట్టం ఆసుపత్రిని కట్టడి చేస్తుంది. ఇక "పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది" అనే సలహాను దయచేసి ఎవరూ ఇవ్వకండి, ఎవరూ తీసుకోకండి. నాడి 45 ఉన్న పిల్లకు కాన్పు ప్రాణగండం.

వార్డులో ఏం జరుగుతుంది?

మొదటి రోజు థయమిన్ ఇస్తారు. తిండి కొద్దికొద్దిగా, లెక్క ప్రకారం, రోజుకు ఆరుసార్లు మొదలుపెట్టి రెండు మూడు రోజులకోసారి పెంచుతారు. మరీ భయపడి బొత్తిగా తక్కువ పెట్టడమూ ప్రమాదమే, కాబట్టి పెంచడం ఆపరు. మొదటి వారం రోజూ రక్తం తీస్తారు. "ఉన్న కాస్త రక్తం తీసేస్తున్నారు" అని కొందరు బాధపడతారు. తీసేది రెండు మూడు చెంచాలకు మించదు, ఫాస్ఫరస్ పడిపోతే ముందే పట్టుకోవడానికి అదొక్కటే దారి. బొత్తిగా తినలేకపోతే ముక్కు నుంచి కడుపులోకి సన్నని గొట్టం వేసి ద్రవాహారం ఇస్తారు. అది శిక్ష కాదు. బిడ్డతో కూడా అలా బెదిరించకండి. మందు అని చెప్పండి.

బరువు ఉదయాన్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఒకే రకం పల్చని బట్టలతో చూస్తారు. కొందరు పిల్లలు ముందే లీటర్లకొద్దీ నీళ్ళు తాగుతారు, జేబులో బరువులు దాస్తారు. నర్సమ్మ వెతికితే కోప్పడకండి. వార్డులో వారానికి అరకిలో నుంచి కిలో పెరిగితే చక్కగా ఉన్నట్టు.

తోడుగా ఉన్నవారి పని తేలిక కాదు. భోజనానికి అరగంట, టిఫినుకు పావుగంట పెట్టుకోండి. పక్కనే కూర్చుని మీరూ తినండి. కేలరీలు, బరువు, చదువు మాట్లాడకండి. చుట్టాల పెళ్ళి ముచ్చట్లు, సినిమా, వాన, ఏదైనా సరే. తిన్నాక గంటసేపు ఒంటరిగా బాత్‌రూమ్‌కు పంపకండి. అన్నం దిండు కింద, కిటికీ బయట కనిపిస్తే అరవకుండా నర్సుకు చెప్పండి.

చూడవచ్చే వారితో పెద్ద చిక్కు. మనవాళ్ళు ప్రేమతో యాపిల్ పళ్ళు పట్టుకుని పదిమంది వస్తారు. ఒకరు "ఎంత చిక్కిపోయావు బిడ్డా" అంటారు, జబ్బుకు అది ప్రశంసలా వినిపిస్తుంది. వారం తర్వాత మరొకరు "ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశావు" అంటారు, ఆ పూట అన్నం ముట్టదు. ఒంటి గురించి మంచిగా గాని, చెడుగా గాని ఏమీ అనవద్దని వాకిట్లోనే చెప్పి పంపండి. స్త్రీల సమాజం వారు ప్రార్థనకు వస్తే ఇద్దరు ముగ్గురు చాలు. ఆమె ఆమెన్ అనేలోగా "తినమని" ప్రసంగం కలపవద్దని మా మనవి.

ఉపవాసం విషయం సంఘకాపరులకు కూడా చెప్పాలి. శ్రమదినాల్లోనో, ఉపవాస ప్రార్థనల్లోనో ఇలాంటి పిల్లలు అందరికంటే ముందుంటారు, అందరికంటే ఎక్కువ రోజులు ఉంటారు. జబ్బుకు అది మంచి ముసుగు, పైగా మెచ్చుకోలు దొరుకుతుంది. శనివారాలు, సోమవారాలు ఒక్కపొద్దులుండే ఇళ్ళలోనూ, ఇతర మతాల ఉపవాసాల్లోనూ ఇదే జరగవచ్చు. కుటుంబం వచ్చి చెబితే, ఆ బిడ్డకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని పాస్టరుగారే స్వయంగా చెప్పాలి. తల్లి చెబితే వినని పిల్ల కూడా ఆ మాట వినవచ్చు.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి అంటే నయమైనట్టు కాదు, ఇక గుండె ఆగిపోయే భయం తగ్గిందని మాత్రమే. అనొరెక్సియాను తగ్గించే మాత్ర లేదు. దిగులుకు, ఆందోళనకు, బులీమియాకు మందులు సాయపడతాయి. 18 లోపు పిల్లలకు బాగా పనిచేసే పద్ధతి లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకుంది. కొన్ని నెలలపాటు ఏం తినాలి, ఎంత తినాలి అన్నది తల్లిదండ్రులే నిర్ణయించి, ప్రతి పూటా దగ్గరుండి తినిపిస్తారు. బరువు పెరిగేకొద్దీ ఆ పగ్గాలు మెల్లగా బిడ్డ చేతికి తిరిగి ఇస్తారు. ఉమ్మడి కుటుంబాలకు ఇది కష్టమేమీ కాదనిపిస్తుంది గాని, తాతమ్మ ఒకమాట, నాన్న ఒకమాట అంటే కుదరదు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. విదేశీ డైట్ చార్టులు అవసరం లేదు. అన్నం, పప్పు, నెయ్యి, గుడ్డు, పెరుగు, జొన్నరొట్టె, పల్లీలు, సకినాలు అన్నీ పనికొస్తాయి. నెయ్యి, నూనె తీసేయకుండా ఉండడమే ముఖ్యం.

మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి బరువు, నాడి, బీపీ చూపించండి. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చూపించవచ్చు, ఒక నోటుబుక్కులో రాయించి తీసుకురండి. నెలసరి మళ్ళీ రావడానికి నెలలు పట్టవచ్చు. పూర్తిగా కోలుకోవడానికి ఏళ్ళు పట్టేవారూ ఉన్నారు. మళ్ళీ తగ్గితే మళ్ళీ చేర్చాలి, దానికి సిగ్గుపడనవసరం లేదు.

హాస్టల్‌కు తిరిగి పంపే తొందర మాత్రం వద్దు. ఈఏపీసెట్, నీట్ వచ్చే ఏడాది కూడా ఉంటాయి. ఒక పూట ఎవరూ చూడకపోయినా తినగలుగుతోంది, మెట్లెక్కితే కళ్ళు తిరగడం లేదు, బరువు రెండు నెలలు నిలబడింది అని డాక్టరు రాసిచ్చాకే పంపండి. ఆ చీటీ ప్రతి ఒకటి వార్డెనుకు ఇచ్చి, భోజనం వేళ ఎవరు చూస్తారో పేరు అడిగి తెలుసుకోండి. తెల్లవారుజామున పరుగు, వ్యాయామం డాక్టరు చెప్పేదాకా ఆపించండి.

రాత్రివేళ భయం వేస్తే, ఎవరిని అడగాలో తోచకపోతే టెలి మానస్ నంబరు 14416కు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో 24 గంటలూ మాట్లాడేవారు ఉంటారు, తెలుగులోనూ మాట్లాడతారు. తల్లిదండ్రులు చేయవచ్చు, బిడ్డా చేయవచ్చు. మన ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, బిడ్డ వేసుకుంటున్న మాత్రలన్నీ, చివరిసారి నెలసరి వచ్చిన తేదీ, ఒక ఏడాది కిందటి ఫోటో ఒకటి తెండి. ఫోటో చూస్తే ఎంత తగ్గిందో డాక్టరుకు మాటల కంటే త్వరగా తెలుస్తుంది.